అఫ్జల్ పార్కు చింతచెట్టు

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసి, అక్కడక్కడా సరిచేసి ఇచ్చాను.)



నాకిచ్చిన టైము పది నిమిషాలు. నా వయసు వాడికి గొంతు సవరించుకోవడానికే అందులో రెండు నిమిషాలు పోతాయి. కార్యదర్శి గారు ఇంటికొచ్చి, "పాత జ్ఞాపకాలు ఏవైనా చెప్పండి, పిల్లలు వింటారు" అన్నారు. పాత జ్ఞాపకాలంటే మన కనిగిరిలో అందరివీ ఒకటే. కొండ, కరువు, బావిలో నీళ్లు, ఒంగోలు బస్సు. కొండ మీద కోట గురించి చెప్పేవాళ్లు నాకంటే బాగా చెప్పేవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. నేను హైదరాబాదులో ఒక పార్కు గురించి చెప్తాను. ఎజెండాలో అయిదో అంశం మీద మొన్న కమిటీలో గట్టిగా వాదన జరిగింది కదా, దాని మీద నా మాట కూడా ఇందులోనే ఉంది.

మా నాయన దూది ఏకేవాడు. పరుపులు, దిండ్లు కుట్టేవాడు. భుజాన విల్లు వేసుకుని పామూరు దాకా, ఒక్కోసారి పొదిలి దాకా నడిచి పొయ్యేవాడు. పత్తి బాగా పండే గుంటూరు వైపు పోతే పని ఎక్కువ దొరికేది, కాని అమ్మను వదిలి అంత దూరం పోయేవాడు కాదు. ఆ విల్లు మోగితే వీధి చివర నుంచి మాకు తెలిసేది నాయన వచ్చాడని. ఇప్పటి పిల్లలకు ఆ చప్పుడు తెలియదు. ఫోము పరుపులు వచ్చినాయి, విల్లు అటక ఎక్కింది. మా ఇంట్లో ఇంకా ఉంది, నారి తెగిపోయింది.

1967లో నాయనకు కడుపులో గడ్డ లేచింది. అప్పుడు నాకు పదకొండేళ్లు. మనది అప్పటికి నెల్లూరు జిల్లా. ఒంగోలు జిల్లా ఏర్పడింది 1970లో, దానికి ప్రకాశం గారి పేరు పెట్టింది 1972లో. నెల్లూరుకు పోవాలా, గుంటూరుకు పోవాలా అని ఇంట్లో మాట్లాడుకుంటుండగా హైదరాబాదులో హోటల్లో వంట పని చేసే మా మేనమామ ఉత్తరం రాశాడు, "ఉస్మానియాకు తీసుకురండి, పెద్ద డాక్టర్లు ఉన్నారు, డబ్బులు పెద్దగా అక్కరలేదు" అని. అమ్మ చెవి కమ్మలు తాకట్టు పెట్టింది. బస్సులో ఒంగోలు, అక్కడ రైలెక్కి బెజవాడ, బెజవాడలో మారి హైదరాబాదు. నేను రైలెక్కడం అదే మొదలు. నాయన నొప్పితో మెలికలు తిరుగుతుంటే నేను కిటికీలోంచి చూస్తూ సంతోషపడ్డాను. ఆ సంతోషం ఇప్పటికీ నన్ను పొడుస్తుంది.

ఆస్పత్రిలో నాయనను చేర్చుకున్నారు. పగలు ఒకరు మంచం దగ్గర ఉండొచ్చు, రాత్రి ఆడవాళ్లు, పిల్లలు మగవాళ్ల వార్డులో ఉండకూడదు. అది న్యాయమైన కట్టుబాటే, నేను తప్పు పట్టడం లేదు. మామ ఉండేది హోటల్ వెనక నలుగురు మగవాళ్లతో ఒకే గదిలో. అందుకని అమ్మ, నేను ఆస్పత్రి ఆవరణలోనే అఫ్జల్ పార్కు అనే తోటలో ఒక పెద్ద చింతచెట్టు కింద చాప పరుచుకున్నాం. మేమొక్కళ్లమే కాదు. బీదరు వాళ్లు, నల్లగొండ వాళ్లు, పాలమూరు వాళ్లు, పేర్లు కూడా వినని ఊళ్ల వాళ్లు ఎందరో అక్కడ ఉండేవాళ్లు. మూడేసి రాళ్లు పెట్టుకుని వండుకునేవాళ్లు. రోగి బాగుపడితే మూట కట్టుకుని వెళ్లేవాళ్లు, పోతూ పోతూ మిగిలిన కట్టెపుల్లలు పక్కవాళ్లకు ఇచ్చేవాళ్లు. అలా ఇరవై మూడు రోజులు ఆ చెట్టు మా ఇల్లు.

మాకు ఉర్దూ రాదు. మీకు తెలుసు కదా, మన దూదేకుల వాళ్లిళ్లలో పుట్టుక నుంచి చావు దాకా తెలుగే. నమాజు అరబ్బీలో, తిట్లు తెలుగులో. అమ్మ నీళ్ల కుళాయి దగ్గర మాట్లాడితే పక్కన ఆడవాళ్లు వింతగా చూసేవాళ్లు. "ముసల్మాన్లేనా మీరు?" అని ఒకావిడ అడిగింది. అమ్మకు ప్రశ్న అర్థం కాలేదు, నాకు అర్థమైంది. ఇన్నేళ్ల తర్వాత మన సొసైటీలో సంచిక ఉర్దూలో వెయ్యాలా తెలుగులో వెయ్యాలా అని తగాదా వచ్చినప్పుడు నేను తెలుగు వైపు అంత పట్టుగా నిలబడ్డానంటే, ఆ కుళాయి దగ్గర నిలబడ్డ అమ్మ ముఖమే కారణం. ఎవరి మీదా కోపం లేదు.

జూన్ నెలలో ఒక రాత్రి వాన కొట్టింది. మన ఊళ్లో వాన అంటే పండగ. అక్కడ నాకు భయమేసింది, ఎందుకంటే పార్కుకు అవతల పక్కనే మూసీ నది. ఏడుస్తుంటే గేటు దగ్గర టీ బండి పెట్టుకునే ముసలాయన, అందరూ బడే మియా అనేవాళ్లు, వచ్చి నన్ను చెట్టు మొదలుకు ఆనించి కూర్చోబెట్టాడు. సగం ఉర్దూ, సగం తెలంగాణ తెలుగులో ఆయన చెప్పింది ఇది.

"బేటా, ఈ చెట్టు ఇంతకంటే పెద్ద వాన చూసింది. అప్పుడు నాకు ఏడేళ్లు."

ఆయన చెప్పిన వాన 1908 సెప్టెంబరు 28 నాటిది. తర్వాత నేను పుస్తకాల్లో చదివి సరిచూసుకున్నాను. హిజ్రీ లెక్కన 1326, రంజాను నెల అప్పుడే మొదలైంది. ఆరో నిజాము మహబూబ్ అలీ ఖాన్ కాలం. రెండు రోజులు ఆగకుండా వాన. మూసీకి పైనున్న పరివాహక ప్రాంతంలో 788 చెరువులు ఉంటే అందులో 221 తెగిపోయినాయని తర్వాత లెక్క తేల్చారు. ఒక చెరువు తెగితే ఆ నీళ్లు కింది చెరువును తెంపుతాయి, అది ఇంకో చెరువును. చెరువు ఎప్పుడు నిండుతుందా అని ఎదురు చూసే మన ఊరి మనిషికి ఈ లెక్క బుర్రకెక్కడం కష్టం. నది ఊళ్లోకి వచ్చేసింది. పాత పుల్ నిలిచింది, అఫ్జల్ వంతెనతో సహా మిగతా వంతెనలు దెబ్బతిన్నాయి. కోల్సావాడి లాంటి పేటలు తుడిచిపెట్టుకు పోయినాయి. పదిహేను వేల మంది దాకా పోయారని అంచనా. నది ఒడ్డున అప్పుడున్న పాత ఆస్పత్రి కూడా కొట్టుకుపోయింది.

ఆస్పత్రి పోయింది, చింతచెట్టు నిలిచింది. దాని కొమ్మలు పట్టుకుని నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. హిందువులా ముసల్మాన్లా అని ఆ రాత్రి చెట్టు అడగలేదని బడే మియా అన్నాడు. నేను చిన్నవాణ్ణి కాబట్టి, "మరి చెట్టు ఎట్లా అడుగుతుంది?" అన్నాను. ఆయన నవ్వి టీ పోశాడు. డబ్బులు తీసుకోలేదు.

అంజద్ హైదరాబాదీ పేరు మీలో ఉర్దూ చదివిన వాళ్లు విని ఉంటారు. రుబాయీలకు పేరు పడ్డ కవి, 1961లో చనిపోయారు. ఆ వరదలోనే తల్లినీ, భార్యనూ, బిడ్డనూ కళ్ల ముందే పోగొట్టుకుని ఒక్కడే మిగిలినవాడు ఆయన. ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా బతికి, రాసి, ఇతరులకు ధైర్యం చెప్పాడు. ఎట్లా చెప్పగలిగాడో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

వరద మళ్లీ రాకుండా చూడమని నిజాము ప్రభుత్వం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన సలహా మీద కట్టినవే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయినాయి. గుమ్మటాల ఆస్పత్రి భవనం కూడా ఏడో నిజాము కాలంలో ఆ రోజుల్లోనే లేచింది. అంటే ఒక పెద్ద కష్టం తర్వాత చెరువులు, ఆస్పత్రి వచ్చినాయి. మన కనిగిరి కష్టం నీళ్లు ఎక్కువై కాదు, ఉన్న నీళ్లలో ఫ్లోరైడు. నెల్లూరు జిల్లా పల్లెల్లో డాక్టర్లు పరీక్షలు చేసి ఆ జబ్బు సంగతి 1937లోనే ప్రచురించారు. అప్పటి నుంచి నడుములు వంగిన ముసలివాళ్లు ఎందరు పోయినారో లెక్క ఎవరు తీశారు? సరే, అది వేరే సభలో మాట్లాడవలసింది. పక్కకు పోతున్నాను.

నాయనకు ఆపరేషన్ అయింది. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. ఎనిమిదో రోజు తెల్లవారుజామున పోయినాడు. ఫజర్ అజాన్ వినపడుతుంటే వార్డు బోయ్ వచ్చి అమ్మను లేపాడు.

ఇప్పుడు వినండి. కనిగిరికి శవాన్ని తీసుకుపోవడానికి మా దగ్గర చిల్లి గవ్వ లేదు. మామ దగ్గర ఉన్నది మందులకే అయిపోయింది. జూన్ ఎండలో రెండు రోజుల ప్రయాణం, అసలు సాధ్యం కాదు. అమ్మ ఏడవలేదు. చాప మీద కూర్చుని కొంగు ముడి విప్పి అందులో ఉన్న ముప్పావలా లెక్క పెట్టింది, మళ్లీ లెక్క పెట్టింది. అది చూసిన చెట్టు కింది వాళ్లే లేచారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. బడే మియా తువాలు పరిచాడు. తాను అయిదు రూపాయలు వేశాడు. బీదరు ముసలమ్మ పావలా వేసింది. "ముసల్మాన్లేనా మీరు?" అని అడిగిన ఆవిడే, ఆవిడ కొడుకు కూడా లోపల మంచం మీదే ఉన్నాడు, మూడు రూపాయలు వేసి అమ్మను పట్టుకుని ఏడ్చింది. అమ్మ అప్పుడు ఏడ్చింది. నల్లగొండ వైపు నుంచి భార్యకు వైద్యం చేయించడానికి వచ్చిన ఒక గౌడ్ గారు రెండు రూపాయలు వేశాడు. ఇంకా ఎందరో. మొత్తం ముప్ఫై ఏడు రూపాయల పావలా.

ఆ డబ్బుతో కఫన్ బట్ట, అత్తరు, గుసుల్ చేయించిన మనిషికి, గోరీ తవ్విన వాళ్లకు ఇచ్చారు. అఫ్జల్‌గంజ్ మసీదు దగ్గర జనాజా నమాజు చేయించారు. గౌడ్ గారు జనాజా మోసి, మసీదు బయట చెప్పుల దగ్గర నిలబడి, నమాజు అయ్యాక మళ్లీ భుజం పట్టాడు. నది దాటి ఒక కబరస్తానులో దఫన్ చేశారు. నేను మూడు పిడికిళ్లు మట్టి వేశాను. అది ఏ కబరస్తానో నాకు అప్పుడు తెలియదు. మామకు తెలుసు, కాని ఆయన ఆ తర్వాత రెండేళ్లకే పోయినాడు. నేను పెద్దవాణ్ణయ్యాక మూడుసార్లు పోయి వెతికాను. నగరం కబరస్తాన్లలో మట్టి మీద మట్టి పడుతుంది, గుర్తు రాయి లేని వాడి చోటు ఎవరు చూపిస్తారు?

కాబట్టి నాకు మిగిలింది ఆ చెట్టు ఒక్కటే.

పోయిన చలికాలం మా మనవరాలు హైదరాబాదులో చదువుతున్నదని చూడ్డానికి పొయ్యాను. "తాతా, చార్మినారు చూద్దామా?" అంది. ముందు చింతచెట్టు అన్నాను. దానికి వింతగా తోచింది, కాని ఆటో పిలిచింది. దారిలో తన ఫోనులో ఏదో చూసి, 2008లో వరదకు నూరేళ్లు నిండినప్పుడు ఆ చెట్టు కిందే జనం కలిసి చనిపోయినవాళ్లను తలుచుకున్నారని చదివి వినిపించింది. నా ఒక్కడి చెట్టు అనుకున్నదానికి అంతమంది బంధువులున్నారని అప్పుడు తెలిసింది.

పాత భవనం గుమ్మటాలు దూరం నుంచే కనపడ్డాయి. లోపలికి పోతే ఆ భవనం ఖాళీ. 2020 జూలైలో వాన నీళ్లు వార్డుల్లోకి వస్తే రోగుల్ని పక్క భవనాల్లోకి మార్చి దాన్ని మూసేశారు. కొత్త ఆస్పత్రికి 2025 జనవరిలో గోషామహల్‌లో శంకుస్థాపన చేశారు. నాయన మంచం ఉన్న వార్డు ఏ కిటికీదో నేను పట్టుకోలేకపోయాను. అన్ని కిటికీలూ ఒకేలా ఉన్నాయి.

చెట్టు ఉంది. నా జ్ఞాపకంలో ఉన్నంత పెద్దది కాదు. పదకొండేళ్ల వాడి కళ్లకు ఏదైనా పెద్దదే కదా. మొదలు ముడతలు పడి, ముసలిదైపోయింది. అయినా పైన పచ్చగానే ఉంది. నేను మొదలు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. ఈ మాట మౌల్వీ సాబ్‌కు ఎవరూ మోయొద్దు, నేను చెట్టుకు మొక్కలేదు. మా నాయనకు దుఆ చేశాను, అది చేసిన చోటు చెట్టు కింద అయింది, అంతే.

మనవరాలు ఫోటో తీస్తుంటే నేను చుట్టూ చూశాను. చాపల బదులు ప్లాస్టిక్ పట్టాలు. మూడు రాళ్ల బదులు స్టీలు క్యారియర్లు. మిగతాదంతా అదే. ఒక తల్లి ఎక్సరే కవరుతో బిడ్డకు విసురుతున్నది. ఒకాయన చెప్పులు తలకింద పెట్టుకుని పడుకున్నాడు. ఏ ఊరని అడిగితే, "మీకు తెలియదులే సార్, చిన్న పల్లె" అన్నాడు. "ఎంతమంది వచ్చారు?" అంటే, "ఇద్దరం. నేను, లోపల మా అన్న" అన్నాడు. నేను అక్కడ కాసేపు కూర్చున్నాను. టీ ఇప్పించాను. బడే మియా బాకీ అలా కొంచెం తీరిందనుకున్నాను, కాని టీ తాగుతూనే తెలిసింది తీరలేదని.

ఇక అయిదో అంశానికి వస్తాను. మన సొసైటీ నిబంధన ప్రకారం అంత్యక్రియలకు ఇచ్చే సాయం కనిగిరిలో చనిపోయిన వాళ్లకే. బయట ఊళ్లలో పోయినవాళ్లకు కూడా ఇవ్వాలన్నది తీర్మానం. ఒద్దన్న వాళ్లు చెడ్డవాళ్లు కారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. ఊళ్లో అయితే మనమే పోయి చూస్తాం, బయట ఎవరు చూడొచ్చారు, వోచర్లు లేకుండా ఆడిట్‌లో ఏం చెప్తాం, దొంగ లెక్కలు వస్తే ఎవరు బాధ్యులు అంటున్నారు. నేను ఈ సొసైటీకి ఒకప్పుడు కోశాధికారిగా చేసినవాణ్ణే, వోచర్ విలువ నాకు తెలుసు. ఒకసారి పదకొండు రూపాయల తేడాకు రాత్రంతా కూర్చున్నాను.

కాని మన వాళ్లు ఎక్కడ ఉన్నారో ఒకసారి లెక్క వెయ్యండి. ఈ సభలో ఉన్న ఇళ్లలో ఒక్కరైనా హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, మద్రాసులోనో పనిలో లేని ఇల్లు చెయ్యెత్తండి. చూశారా, మూడు చేతులు. మిరపకాయల కోతకు గుంటూరు వైపు పొయ్యేవాళ్లు వేరే. పెద్ద జబ్బు చేస్తే ఒంగోలుకో, గుంటూరుకో, ఇంకా పైకో పోవలసిందే. మనిషి ఎక్కడ పనికి పోతాడో, ఎక్కడ మందుకు పోతాడో, చావు కూడా అక్కడే ఎదురవుతుంది. ఊళ్లో పోయినవాడికి మోసేవాళ్లకు కొదవ లేదు, నిజం చెప్పాలంటే మన సాయం లేకపోయినా వాడి జనాజా లేస్తుంది. బయట పోయినవాడి భార్యే ఏదో ఒక చెట్టు కింద కొంగు ముడి విప్పుకుని కూర్చుంటుంది.

వోచర్ సంగతి అంటారా. ఆస్పత్రి వాళ్లు మరణ ధ్రువపత్రం ఇస్తారు. ఏ ఊరి కబరస్తాన్ అయినా చీటీ ఇస్తుంది. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, డబ్బు నిమిషంలో పంపొచ్చు, కాగితం ఫోటో నిమిషంలో రప్పించుకోవచ్చు. ముందు పంపి, నలభై రోజుల్లోపల కాగితాలు తీసుకుందాం. ఇంకొకటి కూడా రాయండి. గోరీ ఎక్కడుందో, కబరస్తాన్ పేరేంటో, ఏ వరసలోనో మన రిజిస్టరులో ఎక్కించాలి. పిల్లవాడు పెద్దయి వెతుక్కుంటూ వస్తే చెప్పడానికి మన దగ్గర ఒక పేజీ ఉండాలి. ఈ ఒక్క మాట తీర్మానంలో చేర్చమని నా సవరణ.

మా అమ్మ 1994లో పోయింది, మన ఊరి కబరస్తానులోనే ఉంది. పోయేదాకా ముప్ఫై ఏడు రూపాయల పావలా ఆమెకు కంఠతా వచ్చు. ఎవరెంత వేశారో వేళ్ల మీద చెప్పేది. పేర్లు తెలియవు, అంకెలే తెలుసు. "గౌడ్ రెండు, ముసలమ్మ పావలా" అని నిద్రలో కూడా అనేది. "ఒరే, ఆ బాకీ నా మీద పెట్టి పంపొద్దురా" అని చాలాసార్లు అన్నది. నేను హైదరాబాదు పోయినప్పుడల్లా గేటు దగ్గర అడిగేవాణ్ణి. టీ బండి ఎప్పుడో లేకుండా పోయింది.

అందుకని, ఈ తీర్మానం నెగ్గినా ఓడినా, ఆ పద్దు కింద జమ చెయ్యమని ఈరోజు పొద్దున పదివేల రూపాయలు కోశాధికారి గారికి ఇచ్చాను. రసీదు మీద దాత పేరు ఖాళీగా వదలమన్నాను. అలా వదిలితే ఆడిట్‌లో రాదు అన్నారు. అమ్మ పేరు రాయమందామంటే, డబ్బు అమ్మది కాదు, అమ్మ తీసుకున్నది. చివరికి "అఫ్జల్ పార్కు చింతచెట్టు కింది వాళ్లు, 1967" అని రాయించాను. కోశాధికారి గారు కళ్లజోడు సవరించుకుని, ఒకసారి నా వైపు చూసి, అలాగే రాసి సంతకం పెట్టారు. రసీదు ఇదిగో, నా జేబులో ఉంది.